అరిస్టాటిల్ తర్వాత నేరుగా డెకార్ట్ కాదు: మధ్యయుగ, రెనేసాన్స్ ఫిలాసఫీ ఎలా చదవాలి

మీరు అడిగింది ఇదీ: సివిల్స్‌కి ఫిలాసఫీ ఆప్షనల్ తీసుకున్నారు, పేపర్ 1లో ప్లేటో, అరిస్టాటిల్ అయిపోగానే డెకార్ట్ వచ్చేశాడు, మధ్యలో దాదాపు 2000 ఏళ్ళు యూరప్‌లో ఎవరూ ఏమీ ఆలోచించలేదా, ఆలోచించినా అదంతా చర్చి గొడవేనా, చదవాలంటే ఎక్కడ పట్టుకోవాలి, లాటిన్ రావాలా. నేను చాలా ఏళ్ళుగా ఫిలాసఫీ చెప్తున్నాను, అన్నిటికన్నా ఇష్టమైన పీరియడ్ కూడా ఇదే, అందుకే కాస్త పెద్దగానే రాస్తున్నాను, ఓపిగ్గా చదవండి.

ముందు ఒక మాట. దీన్ని పేర్ల లిస్టుగా మాత్రం చదవద్దండి. అగస్టీన్, బొయీథియస్, ఆన్సెల్మ్, అబెలార్డ్ అని వరసగా పుట్టిన ఏడాది, పోయిన ఏడాది, రెండు లైన్ల సిద్ధాంతం రాసుకుంటూ పోతే నెల తిరిగేసరికి ఒక్కటీ గుర్తుండదు. వీళ్ళు రాసినవి చాలావరకు ఒకళ్ళ వాదనకి ఇంకొకళ్ళు ఇచ్చిన జవాబులు, ఎవరికి జవాబో తెలీకుండా చదివితే ఎంత గొప్ప మాటైనా గాల్లో వేలాడుతున్నట్టే ఉంటుంది. ఒక్క ప్రశ్న తీసుకుని దాని వెంట నడవండి, మనుషులు వాళ్ళంతట వాళ్ళే ఎదురవుతారు.

మీకైతే ఆ మొదటి ప్రశ్న సిలబస్‌లోనే ఉంది. పేపర్ 2లో ఫిలాసఫీ ఆఫ్ రెలిజియన్ కింద దేవుడి ఉనికికి ప్రూఫులు, వాటి మీద విమర్శ, ఇండియన్, వెస్టర్న్ రెండూ అడుగుతారు కదా, పేపర్ 1లో మాయమైన మధ్యయుగం అక్కడ దొడ్డిదారిన లోపలికి వచ్చేసింది. అక్కడి నుంచే మొదలుపెట్టండి.

నార్మండీలో బెక్ అనే మఠంలో ఆన్సెల్మ్ అనే సన్యాసి 1077-78 ప్రాంతంలో ప్రోస్లోజియన్ అని చిన్న పుస్తకం రాశాడు, అసలు వాదన రెండు మూడు పేజీలే. దేవుడంటే, అంతకన్నా గొప్పదాన్ని ఊహించడానికి వీల్లేనిది. దేవుడు లేడనేవాడికి కూడా ఈ మాట అర్థమవుతుంది, అంటే అది వాడి బుద్ధిలో ఉన్నట్టే. బుద్ధిలో మాత్రమే ఉండి బయట లేదనుకుందాం, అప్పుడు బుద్ధిలోనూ బయటా కూడా ఉన్నదాన్ని ఊహించొచ్చు, అది దీనికన్నా గొప్పది, అంటే అంతకన్నా గొప్పది ఊహించలేనిదాని కన్నా గొప్పదాన్ని ఊహించేశాం, ఇది కుదరదు, కాబట్టి దేవుడు బయట కూడా ఉన్నాడు. చదవగానే ఎక్కడో తిరకాసు ఉందనిపిస్తుంది, కానీ ఎక్కడుందో వేలు పెట్టి చూపించమంటే చెయ్యి ఆగిపోతుంది. ఇక్కడే ఒక వారం ఆగండి, పరవాలేదు.

అదే కాలంలో గౌనిలో అనే ఇంకో సన్యాసి దేవుడు లేడనే ఆ బుద్ధిహీనుడి తరఫున జవాబు రాశాడు. ఇదే పద్ధతిలో, అంతకన్నా గొప్ప ద్వీపం ఊహించలేని ఒక ద్వీపం సముద్రంలో ఎక్కడో నిజంగా ఉందని కూడా రుజువు చేసెయ్యొచ్చు కదా అన్నాడు. ఆన్సెల్మ్ దానికి తిరిగి జవాబిచ్చాడు, అంతటితో ఊరుకోకుండా ఇకమీదట తన పుస్తకానికి ఎవరు కాపీ తీసినా గౌనిలో విమర్శ, దానికి తన జవాబు, రెండూ వెనకాల కలిపి రాయాలని కోరాడు. తన వాదనని కొట్టేసిన మనిషి రాతని తన పుస్తకంలోనే పెట్టుకోవడం అంటే ఆలోచించండి, చీకటి యుగంలో ప్రశ్న అడగనిచ్చేవాళ్ళు కాదు అనేవాళ్ళకి ఈ ఒక్క సంగతి చెప్పండి చాలు.

తర్వాత 200 ఏళ్ళకి థామస్ అక్వినాస్ (1225-1274) వచ్చి, తనకి దేవుడి మీద అంత నమ్మకం ఉన్నా సరే ఆన్సెల్మ్ దారి పనికిరాదన్నాడు. దేవుడంటే అందరూ ఈ అర్థమే చేసుకోరు, చేసుకున్నా అది బుద్ధిలో ఉందనే తేలుతుంది గానీ బయట ఉందని తేలదు అంటాడు. అందుకని మన కళ్ళకి కనిపించే లోకం నుంచి మొదలుపెట్టి, కదలిక, కారణం, ఉండొచ్చు ఉండకపోవచ్చు అన్నట్టున్న వస్తువులు, ఇలా అయిదు దారుల్లో పైకి వెళ్తాడు. ఆ అయిదు దారులూ ఆయన పెద్ద గ్రంథం సుమ్మా థియోలొజియే మొదటి భాగం, రెండో ప్రశ్న, మూడో ఆర్టికల్‌లో ఉన్నాయి. అంతా కలిపి మూడు నాలుగు పేజీలు. గైడ్లలో చదివే సారాంశాల కన్నా ఒరిజినలే చిన్నది, సూటిగా కూడా ఉంటుంది, దయచేసి ఒరిజినలే చదవండి.

సుమ్మా చూసి భయపడకండి, దాని నడక మనకి బాగా తెలిసిందే. ప్రతి ఆర్టికల్ ఒక ప్రశ్న. మొదట తను ఒప్పుకోని వైపు నుంచి వాదనలు, ఎంత బలంగా పెట్టగలిగితే అంత బలంగా. తర్వాత దానికి ఎదురుగా ఒక ప్రమాణ వాక్యం, ఆ తర్వాత తన నిర్ణయం, చివర్న మొదట పెట్టిన వాదనలకి ఒక్కొక్కదానికీ జవాబు. పూర్వపక్షం, సిద్ధాంతం అన్న మన శాస్త్రాల పద్ధతి తెలిసినవాళ్ళకి ఇది కొత్తేం కాదు, శ్రీభాష్యం ఏ కొంచెం చదివినా ఈ నడక పట్టుబడి ఉంటుంది. పైన చెప్పిన ఆర్టికల్‌లో పూర్వపక్షాలు రెండే రెండు. ఒకటి, అనంతమైన మంచి అంటూ ఉంటే చెడు మిగలకూడదు, మిగిలింది కదా. రెండు, లోకంలో జరిగేవన్నీ ప్రకృతితో, మనిషి బుద్ధితో, సంకల్పంతో వివరించగలిగినప్పుడు మధ్యలో దేవుడెందుకు. ఇవాళ్టి నాస్తికులు చెప్పే రెండు పెద్ద వాదనలు ఇవే, వాటిని 13వ శతాబ్దంలో ఒక డొమినికన్ సన్యాసి తన పుస్తకంలో తనే ముందు పెట్టుకున్నాడు. చదివేటప్పుడు పూర్వపక్షాల దగ్గర ఆపి, నేనైతే ఏం జవాబిస్తానో అని మీ నోట్‌బుక్‌లో రాసుకుని, అప్పుడు కింద ఆయన జవాబు చూడండి. ఇలా పది ఆర్టికల్స్ చేస్తే మీ ఆన్సర్ రైటింగే మారిపోతుంది, నా స్టూడెంట్స్ విషయంలో చూశాను.

ఇప్పుడు చాలామంది వదిలేసే సంగతి. అక్వినాస్ మూడో దారి ఎక్కడి నుంచి వచ్చిందని వెనక్కి వెళ్తే మీరు ఇప్పటి ఉజ్బెకిస్తాన్‌లోని బుఖారా దగ్గర తేలతారు. ఇబ్న్ సీనా (980-1037), యూరప్‌లో అవిసెన్నా అన్నారు, వైద్యుడు. ఒక వస్తువు ఏమిటి అన్నది వేరు, అది ఉందా అన్నది వేరు, గుర్రం అంటే ఏంటో ఎంత తెలుసుకున్నా గుర్రం ఉందో లేదో అందులోంచి రాదు, కాబట్టి ఉనికి బయట నుంచి రావాలి, అలా ఇచ్చుకుంటూ వెనక్కి వెళ్తే తన ఉనికి తనదే అయినది ఒకటి ఉండి తీరాలి అన్నాడు. ఆయనదే ఇంకోటి, గాల్లో తేలే మనిషి: పూర్తిగా ఎదిగిన మనిషి ఉన్నట్టుండి శూన్యంలో పుట్టాడనుకోండి, కళ్ళకి ఏమీ కనపడదు, చేతులూ కాళ్ళూ ఒకదానికొకటి తగలవు, శరీరం ఉన్నట్టే తెలీదు, అయినా నేనున్నాను అని వాడికి తెలుస్తుందా తెలీదా? తెలుస్తుంది అంటాడు. డెకార్ట్ కన్నా 600 ఏళ్ళ ముందు సంగతి ఇది. రెండు వాదనలూ ఒకటే అని మాత్రం పరీక్షలో రాయకండి, డెకార్ట్ సందేహం నుంచి బయల్దేరాడు, ఇబ్న్ సీనాకి సందేహం సమస్యే కాదు, ఆత్మ శరీరం కాదని చూపించడం ఆయనకి కావాలి.

ఇబ్న్ సీనా మీద అల్ ఘజాలీ (1058-1111) విరుచుకుపడ్డాడు, ఫిలాసఫర్ల మీద 20 అంశాలతో ఖండన రాశాడు. అందులో 17వది మీకు చాలా పనికొస్తుంది. నిప్పు తగిలితే దూది కాలుతుంది అంటాం, కానీ మనం చూసింది తగలడం, కాలడం, ఈ రెండే, నిప్పు వల్లే కాలింది అన్న తప్పనిసరి సంబంధాన్ని ఎవరు చూశారు అంటాడు. మీ సిలబస్‌లో హ్యూమ్ ఉన్నాడు కదా, కాజేషన్ మీద ఆయన చెప్పింది చదివాక ఇది చదివితే వెన్ను నిటారుగా అవుతుంది. ఘజాలీ ఆ ఖాళీలో దేవుడి సంకల్పాన్ని పెట్టాడు, హ్యూమ్ అక్కడ మన అలవాటుని పెట్టాడు, తేడా అదీ. ఆ ఖండనకి మళ్ళీ స్పెయిన్‌లో కార్డోబా నుంచి ఇబ్న్ రుష్ద్ (1126-1198) అంశం వారీగా ప్రతిఖండన రాశాడు, ఆయన వృత్తిరీత్యా ఖాజీ, జడ్జి. అదే కార్డోబాలో పుట్టిన యూదు పండితుడు మైమోనిడెస్ చివరికి ఈజిప్ట్ చేరి అరబీలోనే తన పెద్ద గ్రంథం రాశాడు. 12వ శతాబ్దంలో టొలేడోలో ఈ అరబీ పుస్తకాలూ, అరబీలో ఉన్న అరిస్టాటిలూ లాటిన్‌లోకి వచ్చాయి, ఒక్క క్రెమోనా జెరార్డ్ చేసిన అనువాదాలే పదుల కొద్దీ ఉన్నాయి. పారిస్‌లో అక్వినాస్ ఎవరి పేరూ చెప్పకుండా 'వ్యాఖ్యాత' అంటే అది ఇబ్న్ రుష్దే, అంత పేరు. చాలా పుస్తకాల్లో వీళ్ళకి అరబ్బుల పాత్ర అని ఒక పేజీ ఇచ్చి వదిలేస్తారు, నాకు నిజంగా కోపం వచ్చే విషయం అది. వీళ్ళని తీసేస్తే అక్వినాస్ సగం అర్థం కాడు.

దేవుడి ప్రశ్న మీకు పడకపోతే రెండో దారి ఉంది, సామాన్యాల ప్రశ్న. ఇందులో మతం వాసన చాలా తక్కువ. ఈ ఆవు, ఆ ఆవు, పక్క ఊరి ఆవు, అన్నిటినీ ఆవు అంటున్నాం, వీటన్నిటిలో గోత్వం అనేది ఒకటి నిజంగా ఉందా, లేక అది మన మాటేనా? తర్కసంగ్రహంలో తెలుగువాడైన అన్నంభట్టు 'నిత్యమేకమనేకానుగతం సామాన్యం' అని ఒక్క లైన్లో న్యాయ వైశేషికుల పక్షం చెప్పేశాడు, అలాంటిదేమీ లేదని, ఆవు అన్న మాట ఆవు కానివాటిని పక్కకి తోసెయ్యడమేనని బౌద్ధులు అపోహవాదం పెట్టారు, ఇది మీ పేపర్ 1 రెండో సగంలో ఎలాగూ చదువుతారు. యూరప్‌లో ఇదే గొడవ 3వ శతాబ్దపు ఫిలాసఫర్ పోర్ఫిరీ అడిగి జవాబు చెప్పకుండా వదిలేసిన మూడు ప్రశ్నలతో మొదలైంది. ఆ ప్రశ్నలున్న పుస్తకాన్ని లాటిన్‌లోకి తెచ్చి వ్యాఖ్య రాసింది బొయీథియస్, ప్లేటోనీ అరిస్టాటిల్‌నీ మొత్తం అనువదిద్దామనుకున్న మనిషి, లాజిక్ పుస్తకాల దగ్గరే ఆగిపోయింది, థియొడోరిక్ రాజు జైల్లో పెట్టి చంపించాడు. ఆ జైల్లో రాసిందే కాన్సలేషన్ ఆఫ్ ఫిలాసఫీ. తర్వాత కొన్ని వందల ఏళ్ళు పశ్చిమ యూరప్‌కి అరిస్టాటిల్ అంటే బొయీథియస్ మిగిల్చిన ఆ కాసిని లాజిక్ పుస్తకాలే.

ఈ దారిలో అబెలార్డ్ (1079-1142) దగ్గర ఆగండి. పారిస్‌లో తన గురువునే వాదించి అభిప్రాయం మార్చుకునేలా చేసినవాడు. ఇద్దరు మనుషులు మనిషి కావడంలో కలుస్తారు, కానీ 'మనిషి కావడం' అనేది ఒక వస్తువు కాదు అంటాడు, ఈ ఒక్క వాక్యం మీద ఎంతసేపైనా ఆలోచించొచ్చు. ఇంకోవైపు ఇబ్న్ సీనా, గుర్రంతనం తనంతట తాను ఒకటీ కాదు, అనేకమూ కాదు, అది గుర్రంతనమే అన్నాడు, దాన్నే డన్స్ స్కోటస్ (1308లో పోయాడు) ఎత్తుకుని, అందరిలోనూ ఉమ్మడి స్వభావం ఒకటుంది, దానికి 'ఇదే' అనిపించేది ఒకటి కలిస్తేనే ఒక వ్యక్తి అవుతాడు అన్నాడు. ఓకమ్ (1347లో పోయాడు) అదంతా అక్కర్లేదు పొమ్మన్నాడు, బయట ఉన్నవన్నీ విడి విడి వస్తువులే, సామాన్యం అనేది బుద్ధిలో ఉండే గుర్తు, అంతే. ఓకమ్ రేజర్ అని ఇంటర్నెట్లో తిరిగే వాక్యం అచ్చంగా ఆ మాటల్లో ఆయన పుస్తకాల్లో లేదు, అవసరం లేకుండా అనేకాన్ని ఒప్పుకోవద్దు అన్న అర్థం వచ్చే మాటలు మాత్రం చాలా చోట్ల ఉన్నాయి, కోట్ చేసేటప్పుడు జాగ్రత్త.

చర్చి గొడవేనా అన్న దానికి వస్తే, చర్చి లేకుండా ఈ కథ లేదు, నిజమే. పారిస్‌లో 1210లో అరిస్టాటిల్ ప్రకృతి గ్రంథాలు చెప్పకూడదని నిషేధం పెట్టారు, 1255కల్లా అదే యూనివర్సిటీలో అవి సిలబస్ అయ్యాయి, మళ్ళీ 1277 మార్చి 7న బిషప్ టాంపియే 219 వాక్యాలు తప్పని ప్రకటించాడు, వాటిలో కొన్ని అక్వినాస్ చెప్పినవాటికి దగ్గరగా ఉన్నవే, అప్పటికి ఆయన పోయి సరిగ్గా మూడేళ్ళు. అలాంటాయన్ని 1323లో సెయింట్‌ని చేశారు. అంటే చర్చి అని ఒకే గొంతు లేదు, లోపల పెద్ద పోట్లాట ఉంది, ఆ పోట్లాట అంతా వాదనల్లోనే నడిచింది. నమ్మకం లేనివాళ్ళు రామానుజుల వాదన చదివి ఎలా లాభపడతారో, ఇదీ అలాగే చదవచ్చు, మీరు దేన్నీ నమ్మక్కర్లేదు.

రెనేసాన్స్‌కి వద్దాం. మధ్యయుగం చీకటి అన్న మాటకి మొదట ఊపు ఇచ్చింది ఇటలీ కవి పెట్రార్క్ (1304-1374), అంటే రెనేసాన్స్ వాళ్ళు తమ ముందువాళ్ళ గురించి చెప్పిన మాట అది, దాన్ని చరిత్రగా తీసుకోకూడదు. నా దృష్టిలో అసలు మారింది ఏం రాశారన్నది కాదు, ఎలా రాశారన్నది. పూర్వపక్షం సిద్ధాంతం పోయి ఉత్తరాలు, సంభాషణలు, ప్రసంగాలు, వ్యాసాలు వచ్చాయి, చదివేవాడు క్లాస్‌రూమ్ బయట ఉన్నవాడయ్యాడు. పెట్రార్క్ 1336 ఏప్రిల్ 26న వాంటూ కొండ ఎక్కినట్టు ఒక ఉత్తరం రాశాడు, పైకెక్కి జేబులోంచి అగస్టీన్ ఆత్మకథ కన్ఫెషన్స్ తీసి తెరిస్తే, జనం కొండల్నీ సముద్రాల్నీ చూసి ఆశ్చర్యపోతారు, తమని తాము వదిలేస్తారు అన్న చోటు తెరుచుకుంది. అది కొండెక్కిన రోజు రాశాడా, ఏళ్ళ తర్వాత కూర్చుని తీర్చిదిద్దాడా అని పండితులు వాదించుకుంటారు, నాకు తర్వాతే అనిపిస్తుంది. ఏదేమైనా అగస్టీన్ (354-430) కన్ఫెషన్స్ అందుకే చదవాలి, ముఖ్యంగా కాలం గురించిన 11వ భాగం, రెండు యుగాలకీ అది కావాలి.

లొరెంజో వల్లా 1440లో ఇంకో పని చేశాడు. కాన్‌స్టంటైన్ చక్రవర్తి పశ్చిమ సామ్రాజ్యాన్ని పోప్‌కి రాసిచ్చాడని ఒక దస్తావేజు ఉండేది, అందులో భాష ఆ కాలం లాటిన్ కాదు, ఈ పదాలు అప్పటివి కావు, ఇది దొంగ పత్రం అని తేల్చేశాడు. పాఠాన్ని పట్టి చూడటం కూడా ఒక వాదనే అని చూపించాడు. ఫ్లారెన్స్‌లో ఫిచీనో (1433-1499) ప్లేటోని మొత్తం లాటిన్‌లోకి తెచ్చాడు, 1484లో అచ్చయింది. విచిత్రం ఏంటంటే ఆయన్ని పోషించిన కోజిమో మెడిచీ ప్లేటోని పక్కన పెట్టి ముందు హెర్మెస్ గ్రంథాలు అనువదించమన్నాడు, మోషే కాలం నాటి జ్ఞానం అనుకున్నారు వాటిని, అవి క్రీస్తు తర్వాత రాసినవని 1614లో కసౌబన్ అనే పండితుడు తేల్చాడు.

పీకో (1463-1494) మీద ఇంకొంచెం చెప్పాలి. 23 ఏళ్ళ కుర్రాడు 1486లో 900 ప్రతిపాదనలు అచ్చేసి, రోమ్‌కి రండి, ఎవరితోనైనా వాదిస్తాను అన్నాడు. పోప్ ఆపేశాడు, 13 ప్రతిపాదనల్ని తప్పుపట్టారు. ఆ సభ ప్రారంభానికి రాసుకున్న ప్రసంగమే మనిషి గౌరవం మీద ప్రసంగం అని పేరుపడింది, ఆ పేరు ఆయన పెట్టింది కాదు. అందరూ దాన్ని ఆధునిక మానవుడి ప్రకటన అంటారు గానీ తెరిచి చూడండి, మొదటి వాక్యమే అరబ్బుల గ్రంథాల్లో చదివాను అని మొదలవుతుంది, 900లో అక్వినాస్, స్కోటస్, ఇబ్న్ రుష్ద్, కబ్బాలా అనే యూదుల రహస్య విద్య, అన్నీ ఉన్నాయి. పైగా అంతకు ఏడాది ముందు ఒక స్నేహితుడు ఈ స్కొలాస్టిక్ వాళ్ళ, అంటే అక్వినాస్, స్కోటస్ లాంటి మధ్యయుగ యూనివర్సిటీ పండితుల లాటిన్ మొరటు అని వెక్కిరిస్తే, వాళ్ళ భాష మొరటైనా ఆలోచన గట్టిది అని అందమైన లాటిన్‌లో జవాబు రాశాడు. రెనేసాన్స్ మధ్యయుగాన్ని పారేసింది అనేవాళ్ళకి ఈ ఉత్తరం చూపించాలి.

యూనివర్సిటీల్లో మాత్రం అరిస్టాటిల్ ఎక్కడికీ పోలేదు. ఆత్మ అమరమని తర్కంతో రుజువు చెయ్యలేం అని పొంపొనాజీ 1516లో పుస్తకం రాసింది అరిస్టాటిల్ చెప్పే ప్రొఫెసర్‌గానే. స్వారెజ్ పెద్ద మెటాఫిజిక్స్ గ్రంథం 1597లో వచ్చింది, డెకార్ట్ చదివిన లా ఫ్లెష్ కాలేజీలో (జెస్యూట్ అనే కేథలిక్ సంఘం నడిపింది) నేర్పింది ఈ సంప్రదాయమే. మూడో మెడిటేషన్‌లో కారణంలో కార్యానికి సరిపడా వాస్తవత ఉండాలి, ఫార్మల్, ఆబ్జెక్టివ్ అని డెకార్ట్ అంటుంటే మీకు తల తిరిగి ఉంటుంది, అదంతా స్కొలాస్టిక్ సరుకే.

మాకియవెల్లి, ఎరాస్మస్, మోర్ గురించి వేరే చాలా చోట్ల దొరుకుతుంది, వదిలేస్తున్నాను. మాంటేన్ (1533-1592) వ్యాసాల్లో రేమండ్ సెబొండ్ మీద రాసిన పెద్దది మాత్రం చదవండి. తండ్రి అడిగాడని సెబొండ్ అనే 15వ శతాబ్దపు పండితుడి పుస్తకాన్ని అనువదించి, తర్వాత అతన్ని సమర్థిస్తానని మొదలుపెట్టి, మనిషి బుద్ధి మీదే అనుమానం తెప్పించి వదిలిపెడతాడు. నేను పిల్లితో ఆడుతుంటే, అది నాతో కాలక్షేపం చేస్తోందో ఏమో ఎవరికి తెలుసు అన్నది అందులోదే.

ఇక ప్రాక్టికల్‌గా. ప్రిలిమ్స్ దగ్గర్లో ఉంటే ఇదంతా ఇప్పుడు పెట్టుకోకండి. టైం ఉంటే మొదటి నెల ఆన్సెల్మ్, గౌనిలో, ఆ అక్వినాస్ ఆర్టికల్, అంతే. తర్వాత ఘజాలీ 17వ అంశం, దానికి ఇబ్న్ రుష్ద్ జవాబు. ఆ తర్వాత కన్ఫెషన్స్ 11, పీకో ప్రసంగం, మాంటేన్. అబెలార్డ్ శిష్యురాలూ భార్యా అయిన ఎలోయీజ్ ఆయనకి రాసిన ఉత్తరాలు మధ్యలో చదవండి, ప్రేమకథ అని అందరూ అంటారు గానీ, తప్పు చేతలో ఉందా ఉద్దేశంలో ఉందా అన్న ప్రశ్న మీద ఆమె పట్టు చూడండి, అబెలార్డ్ ఎథిక్స్ కూడా దాని మీదే నిలబడింది. అర్థం కానిచోట స్టాన్‌ఫర్డ్ ఎన్‌సైక్లోపీడియా ఆఫ్ ఫిలాసఫీ ఆన్‌లైన్లో ఫ్రీగా ఉంది, ఒరిజినల్ ఒకసారి చదివాకే అది తెరవండి. బస్సులో వినాలంటే పీటర్ ఆడమ్సన్ పాడ్‌కాస్ట్ ఉంది, ఇస్లామిక్ ప్రపంచానికి ఆయన ఇచ్చినంత చోటు ఇంకెవరూ ఇవ్వలేదు. సుమ్మా పాత ఇంగ్లీష్ అనువాదం నెట్‌లో మొత్తం దొరుకుతుంది. మీ ఊరికి దగ్గర్లో కేథలిక్ సెమినరీ ఉంటే వెళ్ళి అడగండి, అక్కడ ఫిలాసఫీ కోర్సులో అక్వినాస్ చెప్తారు, లైబ్రరీలో మామూలు కాలేజీల్లో దొరకని పుస్తకాలుంటాయి.

లాటిన్ అంటారా, పరీక్షకీ, సొంత ఆసక్తికీ అక్కర్లేదు. పీహెచ్‌డీ దాకా వెళ్తే తప్పదు, ఇబ్న్ సీనా మీద చేస్తే అరబీ కూడా కావాలి. అయితే స్కొలాస్టిక్ లాటిన్ సిసెరో లాటిన్ అంత కష్టం కాదు, వాక్యాలు పొట్టిగా, ఒకే మూసలో ఉంటాయి, అవే మాటలు మళ్ళీ మళ్ళీ వస్తాయి. గ్రామర్ ఒక ఏడాది కుదురుగా చదివినవాళ్ళు డిక్షనరీ పక్కన పెట్టుకుని అక్వినాస్ ఆర్టికల్ ఒకటి చదివెయ్యగలరు, మొదలుపెడితే రెండో ప్రశ్న మూడో ఆర్టికల్‌తోనే మొదలుపెట్టండి, ఇంగ్లీష్‌లో అప్పటికే తెలిసి ఉంటుంది కాబట్టి సులువు.